డూడూ బసవన్న

1998 సెప్టెంబరులో ఒక శుక్రవారం రాత్రి, శాన్ డియాగోలో మా యూనివర్సిటీ క్యాంటీన్ వంటగదిలో, కడిగిన ప్లేట్ల దొంతర నా చేతుల్లోంచి జారిపోయింది. అమెరికా వచ్చి అప్పటికి అయిదు వారాలు, ఆ పనిలో చేరి మూడు రోజులు. జీతం గంటకు 5.75 డాలర్లు. అప్పట్లో కాలిఫోర్నియాలో అంతకంటే తక్కువ ఇవ్వకూడదని చట్టం. ప్లేట్ల చప్పుడు ఆగకముందే నా బుర్రలో లెక్క మొదలైంది. ప్లేటు ఒక్కింటికి ఎంత, డాలరుకు నలభై రెండు రూపాయల చొప్పున మొత్తం ఎంత, నా జీతంలో కోస్తే ఎన్ని వారాలు పడుతుంది.

సింకు దగ్గరున్న పొడుగాటి తెల్ల కుర్రాడు తల తిప్పాడు. నేల వంక చూశాడు. నా వంక చూశాడు.

"డ్యూ...డ్" అన్నాడు.

అంతే. లోపలికెళ్ళి రెండు చీపుళ్ళు తెచ్చాడు. ఒకటి నాకిచ్చి రెండోది తను పట్టుకున్నాడు.

మా ఇంట్లో అయితే ఇదే సందర్భానికి మా నాన్న నా పుట్టుక దగ్గర మొదలుపెట్టి, ఎంసెట్ ర్యాంకు మీదుగా, ఇంజనీరింగ్ ఫీజుల మీదుగా నడిచొచ్చి చివరికి ప్లేట్ల దగ్గర ఆగేవారు. ఈ కుర్రాడు అంతా ఒక్క అచ్చు సాగదీసి తేల్చేశాడు. "ఎంత పని చేశావయ్యా" అనీ ఉంది అందులో, "పోన్లే" అనీ ఉంది, "నేనూ ఒకప్పుడు పగలగొట్టినవాణ్ణే" అని కూడా ఉందేమో అనిపించింది. ప్లేట్లకు డబ్బు ఎవరూ అడగలేదు, అది వేరే సంగతి.

ఆ మాట నాకు అంతకుముందు తెలియనిదేం కాదు. కాకినాడలో హాస్టల్ టీవీ గదిలో విన్నదే. డ్యూడ్ అంటే కుర్రాడు, దోస్తు, అంతే కదా అనుకుని వదిలేశాను. అర్థం తెలిస్తే మాట వచ్చేసినట్టే అనుకునే వయసు. పైగా నేను పలికేదీ తప్పే. మనం మధ్యలో యకారం పెట్టి "డ్యూడ్" అంటాం. ఇక్కడా అలాగే రాస్తున్నాను, మన అక్షరాల్లో వేరే దారి లేక. అక్కడి కుర్రాళ్ళ నోట్లో అది "డూడ్"కీ "డీడ్"కీ నడుమ ఎక్కడో ఉంటుంది. పెదాలు సున్నా చుట్టకుండా "ఊ" అనాలి. బాత్రూం అద్దం ముందు నిలబడి సాధన చేశాను కూడా. మా రూమ్మేటు ఒకడు చూసి పంటి నొప్పా అని అడిగాడు.

మేం నలుగురం రెండు గదుల ఫ్లాటులో ఉండేవాళ్ళం. ఒకడిది వరంగల్, ఒకడిది గుంటూరు, ఒకడిది అనంతపురం, నాది అమలాపురం దగ్గర పల్లె. ఇంట్లో ఒకర్నొకరం ఊరి పేర్లతోనే పిలుచుకునేవాళ్ళం. ప్లేట్ల కథ చెప్పాక ఆ రాత్రి డ్యూడ్‌కి తెలుగు ఏమిటని పెద్ద చర్చ జరిగింది. గుంటూరు "బాబాయ్" అన్నాడు. వాడికి కాలేజీలో క్లాసుమేటు నుంచి టీ కొట్టతను దాకా అందరూ బాబాయిలే. అనంతపురం "అప్పా" అన్నాడు. "ఏమప్పా" అన్నప్పుడు అందులో కోపం, ప్రేమ, విసుగు ఏది కావాలంటే అది పోసుకోవచ్చని వాడి వాదన. నేను "ఒరేయ్" అన్నాను. ముగ్గురూ ఒప్పుకోలేదు.

వరంగల్ వాడు చపాతీ తిప్పుతూ చెప్పిన మాట నాకిప్పటికీ గుర్తు. "ఒరేయ్ అనాల్నంటే వాడు మనకన్న చిన్నోడన్న కావాలె, లేకుంటే మనకు బాగ దగ్గరోడన్న కావాలె. గీ డ్యూడ్ అనెటోనికి రెండూ అక్కర్లేదు గద భై."

ఆ మాట ఆలోచిస్తూ నిద్ర పట్టలేదని రాస్తే అబద్ధం. అంట్లు తోమి వచ్చాక మంచం కనపడితే చాలు నిద్రపోయేవాణ్ణి. కానీ అయిదు వారాలుగా నేను పడుతున్న అవస్థ ఏమిటో ఆ మాటతో తెలిసింది. నాకు అక్కడ ఎవర్నీ పిలవడం రావడంలేదు.

మా కోనసీమలో మనిషిని పిలవాలంటే ముందు లెక్క తేలాలి. కొబ్బరికాయలు దింపే ఆయన బాబాయ్, పక్కింటావిడ పిన్నిగారు, బస్సు కండక్టరు ఏవండీ, మాస్టారు ఎప్పటికీ మాస్టారే. వరస కలపందే నోరు తెరుచుకోదు. ఇక్కడ వంటగదిలో మా సూపర్వైజరుది మా అమ్మ వయసు. చేరిన రోజే పేరుపెట్టి పిలవమంది. నా నోరు తిరగలేదు. "మేడమ్" అంటే వెనక్కి తిరిగి ఎవరొచ్చారా అని చూసింది. దాంతో నేను ఎవరితోనైనా మాట్లాడాలంటే ఎదురుగా వెళ్ళి, వాళ్ళే తలెత్తేదాకా నిలబడేవాణ్ణి. ఒకరోజు అలా నిలబడితే ఆవిడ కంగారుపడి ఒంట్లో బాగాలేదా అని అడిగింది.

ఇంకో ఇబ్బంది మా "ఆయ్". మా వైపు ఎవరేం చెప్పినా ముందు "ఆయ్" అనేశాకే మిగతా మాట. విన్నాను అనీ, అలాగేనండి అనీ, మీరు పెద్దవారు అనీ, అన్నీ దాంట్లోనే. "ఆ ట్రేలు ఇటు పట్రా" అని ఆ పొడుగాటి కుర్రాడు అన్నప్పుడల్లా నా నోట్లోంచి "ఆయ్" వచ్చేసేది. నాలుగు రోజులు చూసి అడిగాడు, నువ్వు ఇండియాలో నేవీలో పనిచేశావా అని. ఓడల వాళ్ళు పైవాడి ఆజ్ఞకు "ఆయ్, ఆయ్" అంటారట. శాన్ డియాగో అంటేనే నౌకాదళం ఊరు, వాడి అనుమానం వాడిది. కాదు, మా ఊరి మర్యాద అని చెప్పాను. ఆ తర్వాత వాడు నాకు ఏ పని చెప్పినా చివర "ఆయ్?" అని కలిపేవాడు.

అలాంటి నాకు ఈ డ్యూడ్ అనే మాట, వరస తేల్చక్కర్లేని మాట, ఎంత హాయిగా తోచిందో చెప్పలేను. ముందు వినడం నేర్చుకున్నాను. పొద్దున్నే పనిలోకి రాగానే గడ్డం పైకెత్తి పొట్టిగా "డ్యూడ్" అంటే పలకరింపు. వేడి ట్రే పట్టుకుని వెనకనుంచి వస్తూ కొరడా విదిలించినట్టు అంటే, జరుగు, కాలుతుంది అని. నేను బస్సు డ్రైవరు నవ్వలేదని బాధపడుతూ పది నిమిషాలు చెప్పుకుపోతుంటే మధ్యలో దిగజార్చి అంటే, ఇక చాలు ఆపు అని. ముందు రాగం పట్టుకోవాలి, మాట ఎలాగూ ఒక్కటే. మా ఊళ్ళో "అబ్బా" అనే మాటకు ఎన్ని రాగాలున్నాయో తెలిసినవాడికి ఇది పెద్ద విద్యేం కాదు.

అన్నిటికంటే బాగా అర్థమైంది ఆవకాయ రోజున. అమ్మ పంపిన ఆవకాయను నాలుగు పొరల ప్లాస్టిక్ కవర్లలో చుట్టి, టేపు వేసి, సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టుకొచ్చాను. సగం చొక్కాలకు నూనె అంటింది. ఒక మధ్యాహ్నం వంటగదిలో కూర్చుని ఆవకాయన్నం తింటుంటే ఆ పొడుగాటి కుర్రాడు వచ్చి వాసన చూసి తనకీ కావాలన్నాడు. జాగ్రత్త అని చెప్పేలోపే ముక్క మొత్తం నోట్లో వేసుకున్నాడు.

మొదటి "డ్యూడ్" కళ్ళు పెద్దవి చేసి, తేలిగ్గా. ఇదేదో బావుందే అన్నట్టు. రెండోది మూడు నాలుగు సెకన్ల తర్వాత, నా భుజం గట్టిగా పట్టుకుని. ఆవఘాటు ముక్కులోంచి మాడుకెక్కే క్షణం అది, అది ఎలా ఉంటుందో చదివేవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. చెవులు ఎర్రబడ్డాయి. పరుగెత్తి ఫ్రిజ్ దగ్గరికెళ్ళి పాల డబ్బా ఎత్తి గటగటా తాగేశాడు. తిరిగొచ్చి, కళ్ళ నీళ్ళు తుడుచుకుని, ప్లేటు నా వైపు తోస్తూ, చివర్న కొద్దిగా పైకి లేపి మూడోసారి అన్నాడు. ఇంకో ముక్క వెయ్యి అని దాని అర్థం. వేశాను.

అక్టోబరులో ఊరంతా బేస్‌బాల్ పిచ్చిలో పడింది. శాన్ డియాగో పాడ్రెస్ జట్టు వరల్డ్ సిరీస్‌కి, అంటే ఫైనల్స్‌కి, చేరింది, అవతల న్యూయార్క్ యాంకీస్. నాకు ఆట తలా తోకా తెలియదు. ఆ ఏప్రిల్‌లోనే షార్జాలో సచిన్ ఆడిన ఇన్నింగ్స్ చూసి వచ్చినవాణ్ణి, బంతి నేలమీద పడకుండా ఆడే ఆట ఏమిటో అనుకునేవాణ్ణి. కానీ టోనీ గ్విన్ అనే ఆటగాడి గురించి వాడు చెబుతుంటే వినబుద్ధయ్యేది. 1982 నుంచీ అదొక్క జట్టుకే ఆడుతున్నాడు, ఇంకెక్కడికో వెళ్తే ఇంకా డబ్బు వచ్చేదైనా వెళ్ళలేదు. ఆ సిరీస్‌లో పదహారుసార్లు బ్యాటు పట్టి ఎనిమిది హిట్లు కొట్టాడు. అయినా పాడ్రెస్ నాలుగుకు నాలుగూ ఓడిపోయారు. చివరిది ఇరవై ఒకటో తేదీన, సొంత ఊళ్ళో, 3-0. మర్నాడు వంటగదిలో రేడియో పెట్టలేదు. వాడు నాకు ఎదురుపడ్డప్పుడు డ్యూడ్ అనలేదు, నేనన్నాను. మొదటిసారి. రాగం సరిగ్గా పడిందో లేదో తెలియదు, వాడు తల ఊపాడు.

మూడు నెలల తర్వాత అప్పు తీర్చుకున్నాడు. చెన్నైలో పాకిస్తాన్‌తో టెస్టు. శనివారం అర్ధరాత్రి దాటేదాకా మేం నలుగురం కంప్యూటర్ ల్యాబులో స్కోరు పేజీని తిప్పి తిప్పి చూస్తూ కూర్చున్నాం. సచిన్ 136 కొట్టి, గెలుపు చేతికందేలా ఉండగా అవుటయ్యాడు. పన్నెండు పరుగుల తేడాతో పోయింది. ఆదివారం నా ముఖం చూసి వాడేమైందని అడిగితే, వచ్చీరాని బేస్‌బాల్ భాషలో వివరించాను. మొత్తం విని, "డ్యూడ్... గ్విన్" అన్నాడు. అంతకంటే మంచి క్రికెట్ వ్యాఖ్యానం ఆ రోజు ఎక్కడా చదవలేదు.

ఇంతదాకా బానే ఉంది. తప్పులు చేయలేదని కాదు. అమ్మాయిల్ని ఏమనాలో తెలియక, ఎక్కడో విన్న "డ్యూడెట్" అనే మాటను క్యాష్ కౌంటర్ దగ్గరి అమ్మాయి మీద ప్రయోగించాను. ఆమె పడీ పడీ నవ్వి, పక్కనున్న అమ్మాయిని పిలిచి, "డ్యూడ్, ఇతనేమన్నాడో విన్నావా" అంది. అంటే వాళ్ళూ ఒకర్నొకరు డ్యూడ్ అనే అనుకుంటున్నారు. మన దగ్గర ఆడపిల్లలు ఒకర్నొకరు "ఏంట్రా" అనుకోవడం నేను తర్వాత హైదరాబాదులో విని, ఈ సంగతే గుర్తు చేసుకున్నాను.

పెద్ద తప్పు మాత్రం వేరే. మా డిపార్టుమెంటులో ఒక ప్రొఫెసర్ ఉండేవారు. నిక్కరూ చెప్పులతో వచ్చేవారు, మమ్మల్ని "డ్యూడ్స్" అనేవారు. ఒకసారి నా ప్రోగ్రాము చూసి, "డ్యూడ్, ఇది పనిచేస్తోందే" అన్నారు. ఆ సంతోషంలో నేను "థాంక్స్, డ్యూడ్" అన్నాను. ఆయన ఏమీ అనలేదు. నవ్వు మాత్రం ఒక అర అంగుళం తగ్గింది. కాగితాలు సర్దుకుని వెళ్ళిపోయారు. ఆ రోజు నుంచి నన్ను పేరుపెట్టి పిలవడం మొదలుపెట్టారు.

వరస తేల్చక్కర్లేని మాట అనుకున్నానా, దానికీ మెట్లున్నాయి. పైనుంచి కిందికి దొర్లుతుంది, కిందినుంచి పైకి ఎక్కదు. మా తాతగారు పాలేరు కొడుకుని ఎంతో ప్రేమగా "ఏరా" అనేవారు. ఆ అబ్బాయి తిరిగి ఏమనేవాడో అప్పటిదాకా నేనెప్పుడూ ఆలోచించలేదు.

1999 సంక్రాంతికి ఇంటికి ఫోన్ చేశాను. మాకు సాయంత్రం, వాళ్ళకు భోగి పొద్దున. ఫోన్ కార్డు నిమిషాలు కరిగిపోతుంటే మామ్మ నెమ్మదిగా, మంట బాగా వేశామనీ, పిడకల దండలు ఎవరెవరు తెచ్చారనీ చెబుతోంది. అప్పుడే ఆ పొడుగాటి కుర్రాడు మా ఫ్లాటుకు వచ్చాడు. ఆవకాయ రుచి మరిగాక వాడు తరచూ వచ్చేవాడు. వస్తూనే గదిలో ఉన్న ఒక్కొక్కరికీ విడివిడిగా ఒక డ్యూడ్ పడేశాడు.

మామ్మ మాట ఆపింది. "ఎవర్రా నాన్నా అది, డూడూ డూడూ అంటున్నాడు? గంగిరెద్దులాయన అక్కడిక్కూడా వచ్చాడా?"

ఆ తర్వాత నేనేం చెప్పానో, కార్డు ఎప్పుడు అయిపోయిందో గుర్తు లేదు. నవ్వుతూ నేలమీద కూర్చున్నాను. ఆ రోజు నుంచి మా ఇంట్లో వాడి పేరు బసవన్న. వాడికీ చెప్పాం. సన్నాయి పాట, ఎద్దు వీపు మీద రంగురంగుల బొంతలు, కొమ్ములకు కుప్పెలు, మెడలో గంటలు, అయ్యగారికి దణ్ణం పెట్టు అనగానే వంగడం, ఏమడిగినా తల ఊపడం, అన్నీ అనంతపురం వాడు అభినయించి చూపించాడు. బసవన్నకు తెగ నచ్చేసింది. తల ఊపి మరీ "డ్యూడ్" అనడం మొదలుపెట్టాడు.

ఆ సరదాలోనే ఒకరోజు లైబ్రరీలో ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు తీశాను, ఇరవై సంపుటాలది. అందులో చూశాక కాసేపు అక్కడే నిలబడిపోయాను. డ్యూడ్ పుట్టింది 1883 ప్రాంతంలో న్యూయార్కులో, వెక్కిరింపు మాటగా. అతిగా ముస్తాబయ్యే, ఇంగ్లండు వాళ్ళ వేషభాషలు అనుకరించే డబ్బున్న కుర్రకారును అలా అనేవారు. బిగుతు ప్యాంటు, ఎత్తు కాలరు, చేతిలో బెత్తం. మన భాషలో చెప్పాలంటే అచ్చంగా సోగ్గాడు, షోకిల్లా రాయుడు. యాంకీ డూడుల్ అనే పాత అమెరికన్ పాటలో టోపీకి ఈక గుచ్చుకుని అదే గొప్ప ఫ్యాషన్ అనుకునే డూడుల్ ఉన్నాడు చూడండి, వాడి పేరులోంచే ఈ మాట వచ్చిందని దీనిమీద ఏళ్ళ తరబడి తవ్విన బ్యారీ పాపిక్, జెరల్డ్ కోహెన్ అంటారు.

ఆ మాట పడమటికి ప్రయాణించి, పశువుల కాపర్ల నోట్లో పడి, బూట్లకు బురద అంటితే బాధపడే పట్నం బాబు అయింది. అలాంటి బాబులు డబ్బిచ్చి పది రోజులు గుర్రాలెక్కి పోయే పశువుల క్షేత్రాలను ఇప్పటికీ డ్యూడ్ రాంచ్ అనే అంటారు. తర్వాత 1930లు, 40ల్లో పొడుగు కోట్లు, వదులు ప్యాంట్లతో తిరిగే నల్లజాతి, మెక్సికన్ కుర్రాళ్ళు ఒకర్నొకరు ఈ మాటతో పిలుచుకున్నారు. మళ్ళీ సోకే చూడండి. అక్కణ్ణుంచి అలల మీద పలకలెక్కే కాలిఫోర్నియా కుర్రాళ్ళకు అంటుకుంది. వాళ్ళకు చొక్కాయే ఉండదు, ఇక సోకెక్కడిది. అలా సోకు రాలిపోయి పిలుపు మిగిలింది.

మనకూ ఉంది ఇలాంటి దారి నడిచిన మాట. బాబు. జమీందారు బాబుగారు, ఉయ్యాల్లో బాబు, "వద్దు బాబోయ్"లో ఎవరూ కాని బాబు. ఎక్కడ బయల్దేరి ఎక్కడ తేలిందో. కానీ నన్ను నిలబెట్టేసింది ఇది కాదు. ఒంటినిండా ముస్తాబు, పిలిస్తే పలకడం, అన్నిటికీ ఒకే తల ఊపు. కోనసీమలో ఓ ఇంటి అరుగు మీద కూర్చుని మామ్మ ఫోన్‌లో చెవి పెట్టి అన్న మాట ఆ ఇరవై సంపుటాలకు ఎంత దగ్గరగా పడిందో చూసుకుంటూ నిలబడ్డాను.

మే నెలాఖరులో పరీక్షలయ్యాయి. కాలిఫోర్నియా అంటే ఎప్పుడూ నీలాకాశం అనుకుని వెళ్ళినవాళ్ళకు శాన్ డియాగోలో మే, జూన్ నెలలు పెద్ద నిరాశ. సముద్రం మీంచి మబ్బు దుప్పటి వచ్చి రోజులకు రోజులు కప్పేస్తుంది. అలాంటి ఒక సాయంత్రం మిషన్ బీచ్‌లో, ఇసుకలో కట్టిన సిమెంటు పొయ్యిలో మంట వేసుకుని కూర్చున్నాం. రూమ్మేట్లు బురిటోలు, అంటే మెక్సికన్ రొట్టె చుట్టలు, తేవడానికి వెళ్ళారు, ఆ ఊళ్ళో బురిటోలో ఫ్రెంచ్ ఫ్రైలు కూడా పెట్టి చుడతారు. బసవన్న, నేను మిగిలాం. వాడి తల ఇంకా తడిగా ఉంది, అప్పటిదాకా అలల్లో ఉన్నాడు.

"మీ ఊళ్ళో అలలు ఎలా ఉంటాయి?" అని అడిగాడు.

నవ్వొచ్చింది నాకు. మా సముద్రంలో ఎవరూ ఆడుకోరు, చేపలకు వెళ్తారు, కార్తీకమాసంలో మునుగుతారు, అంతే అన్నాను. అక్కడితో ఆగాల్సింది. ఎందుకో 1996 నవంబరు ఆరో తేదీ చెప్పుకొచ్చాను.

దీపావళి దగ్గరపడుతోందని కాకినాడ నుంచి ఇంటికి వెళ్ళాను. సాయంత్రం నుంచి గాలి. చీకటిపడ్డాక మా పెంకుటింటి పెంకులు ఒక్కొక్కటీ లేచిపోతుంటే అందరం పక్కవాళ్ళ డాబాలోకి పరుగెత్తాం. ఒక గదిలో ముప్ఫై మందిమి. బయట గాలి అరుపు మనిషి గొంతులా ఉంది. తెల్లారి తలుపు తీస్తే ఊరు కనపడాల్సినదానికంటే ఎక్కువ దూరం కనపడుతోంది. అడ్డంగా ఉండాల్సిన చెట్లు లేవు. కొబ్బరిచెట్లన్నీ ఎవరో దువ్వినట్టు ఒకే వైపుకు పడుకుని ఉన్నాయి. మా తాతగారు పాతినవి, నాన్న చిన్నప్పుడు నీళ్ళు మోసినవి. నూటనలభై చెట్ల తోటలో తొమ్మిది నిలబడ్డాయి. ఆ తుఫానులో వెయ్యిమందికి పైగా పోయారు, సముద్రం మీద ఉన్న జాలరులు చాలామంది తిరిగి రానేలేదు. ఏ చిన్న తప్పుకైనా అరగంట మాట్లాడగలిగే మా నాన్న ఆ పొద్దున తోట మధ్యలో నిలబడి ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

ఇదంతా నా ఇంగ్లీషులో ఎంత చెప్పగలిగానో తెలియదు. "దువ్వినట్టు" అనేది చేత్తో చూపించాను.

బసవన్న సముద్రం వైపు చూస్తూ కూర్చున్నాడు. చాలాసేపు. ఆ కాసేపూ నాకు వాడి సముద్రాన్ని పాడుచేశానేమో అనిపించింది. చివరికి "డ్యూడ్" అన్నాడు. సాగదీయలేదు, లేపలేదు, దించలేదు. మంటలో ఇంకో కట్టె వేశాడు. బురిటోలు వచ్చాయి.

నాకు తెలిసిన రాగాల్లో అది దేంట్లోనూ లేదు.

చదువు 2000లో అయింది. రెండేళ్ళు అక్కడే ఉద్యోగం, తర్వాత కంపెనీల్లో కోతలు, 2003లో హైదరాబాదు తిరిగొచ్చాను. అప్పటికి మాదాపూర్‌లో ట్రైనీ కుర్రాళ్ళంతా డ్యూడ్ అంటున్నారు. కొత్త చొక్కా వేసుకున్నట్టు, నాకు నచ్చేది కాదు. అందులో అచ్చు ఎప్పుడూ ఒకే పొడుగు. కొన్నాళ్ళకు దాన్ని మచ్చా తోసేసింది, మచ్చాను బ్రో తోసేసింది. ఇప్పుడు మా అబ్బాయి వాళ్ళమ్మను కూడా బ్రో అంటాడు. మామ్మ ఉంటే ఏమనేదో.

2004లో స్కాట్ కీస్లింగ్ అనే పిట్స్‌బర్గ్ యూనివర్సిటీ భాషావేత్త ఈ ఒక్క మాట మీదే అమెరికన్ స్పీచ్ పత్రికలో వ్యాసం రాశారు. విద్యార్థుల చేత ఎవరు ఎవర్ని డ్యూడ్ అంటున్నారో రాయించి మరీ. మగవాళ్ళు మగవాళ్ళతోనే ఎక్కువ, ఆ తర్వాత ఆడవాళ్ళు ఆడవాళ్ళతో. నేను నీవాణ్ణే, కానీ మరీ మీదపడను అని చెప్పే మాట అని ఆయన తేల్చారు. వరంగల్ వాడికి ఫోన్ చేసి చెప్పాను. "నేను చపాతీలు చేసుకుంట ఉత్తగ చెప్పిన గద భై" అన్నాడు.

ఆ ఏడాది చివర్లోనే సునామీ వచ్చింది. డిసెంబరు 26, ఆదివారం. టీవీలో ముందు చెన్నై, నాగపట్నం, తర్వాత మన కోస్తా. ఇంటికి ఫోన్ చేస్తే లైను దొరకడానికి గంట పట్టింది. మన ఊరు లోపలికి కదరా, ఏం కాలేదు, అన్నారు నాన్న. తీరంలో పోయినవాళ్ళ సంగతి ఆయన చెప్పలేదు, నేనడగలేదు.

సోమవారం ఆఫీసుకెళ్ళి మెయిల్ తెరిస్తే బసవన్న నుంచి ఉత్తరం ఉంది. రెండేళ్ళుగా మాకు మాటల్లేవు. గొడవేం లేదు, అలా జరిగిపోయింది. విషయం అని రాసేచోట ఖాళీ. లోపల ఒక్క మాట, పక్కన ప్రశ్నార్థకం.

"డ్యూడ్?"

జవాబు రాయడం మొదలుపెట్టాను. ఇంట్లో అందరూ క్షేమం అనీ, మా ఊరు సముద్రానికి దూరం అనీ, తుఫాను తర్వాత నాన్న మళ్ళీ పాతిన కొబ్బరిమొక్కలు ఇప్పుడు కాపుకొచ్చాయనీ, మొన్న సంక్రాంతికి మామ్మ నిన్ను అడిగిందనీ, ఒక పేజీ దాకా రాశాను. చదువుకుంటే ఎవరికో దరఖాస్తు పెట్టినట్టుంది. మొత్తం చెరిపేసి, వాడు రాసిన మాటే మళ్ళీ రాశాను. ప్రశ్నార్థకం తీసేసి, చుక్క పెట్టాను.